దొరికింది దొరికినట్టు

వరసలో ఎడమ చివర నుంచి రెండో మనిషి చెయ్యెత్తాడు. మిగతా ఐదుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. లేకపోతే వరస చెడుతుంది, చెడినచోట ఏదో ఒకటి రన్‌వే మీద మిగిలిపోతుంది. అతను మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా వంగి, నేల గరుకులో ఇరుక్కున్న స్క్రూని గోటితో పెకలించి తీశాడు. పెసరగింజంత ఉంది.

"దొరికిందా భూతద్దం అన్నా? పక్కనే ఉన్నాను, నాకు కనపడనే లేదు," అంది కుడివైపు నడిచే ఆమె. ఆరుగురిలో ఆమె ఒక్కతే ఆడమనిషి.

"నువ్వు ఆకాశం చూసుకుంటూ నడుస్తావు."

"నువ్వు ఇరవై ఏడేళ్ళుగా నేలకేసి చూస్తున్నావు. ఈపాటికి నేలకి నీ మొహం కంఠతా వచ్చేసి ఉంటుంది."

అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు గానీ తల ఎత్తలేదు. ఎత్తినా పూర్తిగా లేవదు. మెడ వెనక ఎముక ఒకటి నిమ్మకాయంత పొడుచుకొచ్చి, తల ఎప్పుడూ కాస్త ముందుకు వాలే ఉంటుంది. బజారులో ఎదురైనవాళ్ళు ఏదైనా పారేసుకున్నాడేమో అనుకుంటారు. కళ్ళు మాత్రం ఇప్పటికీ కుర్రవాడి కళ్ళే. భూతద్దం అన్న పేరు ఊరికే రాలేదు.

మొదటి విమానం లేవకముందే ఈ ఆరుగురూ రన్‌వే ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలి. రాయి, స్క్రూ, రబ్బరు ముక్క, సూట్‌కేసు చక్రం, చచ్చిన పిట్ట, ఏది కనపడ్డా ఏరాలి. ఇంజను గాలిని పీల్చేటప్పుడు వీటిని కూడా పీల్చేస్తుంది. తర్వాత షెడ్డులోకి వచ్చి పుస్తకంలో రాయాలి.

అతను బల్ల ముందు కూర్చుని, స్క్రూని కాగితం మీద పెట్టి రాశాడు. ఐదూ పదహారు. మూడో గుర్తుకి ఎడమ పక్క. స్క్రూ ఒకటి. నాలుగు మిల్లీమీటర్లు. అంతే. అంతకుమించి అక్షరం రాయడు.

పనిలో చేరిన కొత్తలో ఒకసారి ఇలాగే ఒక గొళ్ళెం దొరికితే, 'సామాన్ల బండి నుంచి ఊడి ఉంటుంది' అని ఉత్సాహంగా ఒక ముక్క ఎక్కువ రాశాడు. ఆ మాట పట్టుకుని బండి నడిపేవాణ్ణి పనిలోంచి తీసేశారు. నెల తర్వాత అసలు సంగతి తేలింది. ఆ గొళ్ళెం బండిది కాదు, విమానం ఎక్కే మెట్లది. బండి నడిపేవాడు మాత్రం తిరిగి రాలేదు. అప్పటి పెద్ద మేస్త్రి ఇతన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి చెప్పాడు. "దొరికింది దొరికినట్టు రాయి. ఏమిటి, ఎక్కడ, ఎంత. ఎందుకు ఊడిందో ఇంజనీర్లు చూసుకుంటారు. కారణం రాయడం నీ పని కాదు." ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అతను కారణం రాయలేదు.

"ఇవాళే కదా అన్నా లిస్టు?" అంది ఆమె, టీ గ్లాసు అతని ముందు పెడుతూ.

"పదకొండింటికి అంటిస్తారట."

"వస్తుందిలే. మన పిల్లకి కాకపోతే ఎవరికిస్తారు? రేపు నీ కూతురు విమానం దింపేటప్పుడు నేను కింద నిలబడి, రన్‌వే మీ నాన్న ఊడ్చాడమ్మా, భయపడకు అని చెయ్యి ఊపుతాను."

అతను టీ తాగాడు. చాలా వేడిగా ఉంది. అయినా ఊదకుండానే తాగేశాడు.

కూతురికి ఈ పిచ్చి అంటించింది అతనే. సిబ్బంది కుటుంబాలకి విమానం చూపించే రోజున ఆరేళ్ళ పిల్లని తీసుకెళ్ళాడు. పైలట్ ఒకాయన పిల్లని ఎత్తి తన సీట్లో కూర్చోబెట్టాడు. దిగమంటే దిగలేదు. డిగ్రీ అయిపోయాక కూడా దిగినట్టు లేదు. విమానం నడపడం నేర్పే బడి ఫీజు విన్నరోజు అతనికి ఆ అంకెలో ఎన్ని సున్నాలున్నాయో కూడా అర్థం కాలేదు. ఆ పిల్లే వెతకడం మొదలుపెట్టింది. బ్యాంకు అప్పిస్తానంది, ఇల్లు హామీ పెట్టమంది. ఉన్నది అద్దె ఇల్లు. ఒక ధర్మసంస్థ మొత్తం ఖర్చు భరిస్తుందట, తీరా చూస్తే అనాథలకి మాత్రమేనట. "మీరిద్దరూ కాస్త అడ్డొచ్చారు నాన్నా," అని నవ్వింది కూతురు. ఇంకో సంస్థవాళ్ళు ఇప్పటికే రెండు వందల గంటలు విమానం నడిపి ఉండాలన్నారు. "ఎగరడం వచ్చినవాళ్ళకే ఎగరడం నేర్పిస్తారట." అలా రెండేళ్ళలో పదకొండు దరఖాస్తులు. ప్రతిదానికీ ఫోటోలు, నకళ్ళు, పోస్టు. పన్నెండోది ఇది. విమానాశ్రయం కంపెనీ ఏటా కింది ఉద్యోగుల పిల్లల్లో ఒక్కరికి, ఒకే ఒక్కరికి, మొత్తం శిక్షణ ఇప్పిస్తుంది. ఇరవై నాలుగు నిండకూడదు. కూతురికి ఇంకో రెండు నెలల్లో నిండుతాయి.

పదకొండింటికి చేతులు కడుక్కుని ఆఫీసుకి వెళ్ళాడు. నోటీసు బోర్డు మీద ఒకే పేరుంది. కింద తండ్రి హోదా రాశారు. ఇంధనం ట్యాంకరు డ్రైవరు. అతను ఆ కాగితాన్ని అంచు నుంచి అంచు దాకా, వెతికినట్టు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు.

శిక్షణ విభాగం గుమస్తా ముప్పై ఏళ్ళవాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. ఇతను కూర్చోలేదు.

"నేనే మీకు చెబుదామనుకున్నాను పెద్దాయనా. మీ అమ్మాయికి మార్కులు అందరికన్నా ఎక్కువ. ఇంటర్వ్యూ కూడా బ్రహ్మాండం. కానీ..." అని ఫైలు తెరిచి ఇటు తిప్పాడు. "ఇది మీ చేతిరాతేనా?"

తల్లి గానీ తండ్రి గానీ నింపాల్సిన పేజీ. బిడ్డ చిన్నప్పటి జబ్బులు అన్న గడిలో గుండ్రటి అక్షరాలు. 'ఏడాదిన్నర వయసులో ఫిట్స్. రెండుసార్లు.' దాని కింద ఎవరో ఎర్ర గీత గీశారు.

"నాదే."

"ఫిట్స్ అని రాస్తే పైలట్ కోర్సుకి ఎవరు తీసుకుంటారండీ?"

"అది జ్వరంలో వచ్చింది బాబూ. నూట నాలుగు దాటింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు."

"మరి జ్వరం అన్న మాట ఏదీ ఇక్కడ?"

"అది కారణం."

గుమస్తాకి అర్థం కాలేదు. "ఏమిటీ?"

"అది కారణం కదా. రాయలేదు."

గుమస్తా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపటికి మళ్ళీ పెట్టుకున్నాడు. "డాక్టరు కాగితం వెనకే ఉంది, అన్నీ బాగున్నాయని. కమిటీవాళ్ళు అక్కడి దాకా పోలేదు. మీ పేజీ ముందుంది."

"ఇప్పుడు ఆ పక్కన రాస్తాను. కలం ఇవ్వండి."

"నిన్ననే సంతకాలైపోయాయి. ఆ కుర్రాడికి కబురు కూడా వెళ్ళింది. వచ్చే ఏడాది..." అని మొదలుపెట్టి, పుట్టినతేదీ చూసి ఆగిపోయాడు.

మధ్యాహ్నం ఇంకోసారి నడక ఉంది. నడిచాడు. పక్కనామె అతని మొహం చూసి, తనూ కళ్ళు నేలకి దించుకుంది. వరస ఎక్కడా ఆగలేదు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదని పుస్తకంలో రాసి, సంతకం పెట్టి ఇంటికెళ్ళాడు.

భార్య కుట్టుమిషను ముందుంది. హోటళ్ళ దుప్పట్లకి అంచులు కుట్టడం ఆమె పని. తెల్లటి గుడ్డ ఆమె ఒళ్ళోంచి గుమ్మం దాకా పరుచుకుని ఉంది. కూతురు దాని మీద కాలు పడకుండా దాటుకుని ఎదురొచ్చింది.

"రాలేదా?"

"రాలేదు."

"ఎవరికొచ్చింది?"

"ట్యాంకరు డ్రైవరు కొడుక్కి."

"మంచివాడే. బాగా చదువుతాడు," అంది. గొంతు మామూలుగానే ఉంది. అక్కడితో ఆపేసి ఉండొచ్చు. కానీ అతను ఆపలేదు. గడిలో రాసినది, ఎర్ర గీత, గుమస్తా అన్నది, అన్నీ వరసగా, ఒక్కటి వదలకుండా చెప్పాడు.

మిషను ఆగింది.

"రాసే ముందు నన్నొక్క మాట అడగడానికి నోరు రాలేదా?" అంది భార్య. "ఆ రోజు పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తింది నేను. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే నా మెడ బొబ్బలెక్కుతుందేమో అనిపించింది. మీరు డ్యూటీలో ఉన్నారు. మీరు చూడను కూడా చూడలేదు. చూడనిదాన్ని రాసొచ్చారా? మీ నిజాయితీ తగలెయ్య!"

అది నిజమే. అతను ఆ ఫిట్స్ చూడలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిల్ల నిద్రపోతోంది.

"డాక్టరుకి నేను చెప్పాను నాన్నా," అంది కూతురు. "చిన్నప్పుడు జ్వరంలో వచ్చినవి లెక్కలోకి రావని నవ్వేశాడాయన."

"దొరికింది దొరికినట్టు రాశానమ్మా."

"నేనేమన్నా రన్‌వే మీద దొరికానా నాన్నా?"

కోపంగా అనలేదు. నిజంగా అడిగినట్టే అడిగింది. అతను జవాబు కోసం చూశాడు. నేల మీద తెల్లటి గుడ్డ తప్ప ఏమీ లేదు.

కూతురు గదిలోకి వెళ్ళింది. మందుల గోడౌనులో లెక్కలు చూసే ఉద్యోగం ఒకటి పది రోజుల క్రితమే వచ్చింది. వేరే ఊరు, బస్సులో తొమ్మిది గంటలు. రేపు పొద్దున్న చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇవాళ్టి లిస్టు కోసమే ఇన్నాళ్ళూ నానుస్తూ వచ్చింది. అరగంటలో సంచీ సర్దుకుంది. తల్లి రెండు దుప్పట్లు మడిచి సంచీలో కుక్కింది. తర్వాత పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, తియ్యడం మర్చిపోయినట్టు చాలాసేపు అలాగే నిలబడింది.

బస్సు ఐదింటికి. సంచీ అతనే మోశాడు. బస్సు ఎక్కి కిటికీ పక్క కూర్చున్నాక ఆ పిల్ల బయటికి వంగింది.

"నాన్నా, మెడకి రోజూ వేడినీళ్ళ గుడ్డ పెట్టించుకో. అమ్మకి చెప్పాను."

"సరే."

"నువ్వు వెళ్ళు. నిలబడకు."

అతను నిలబడ్డాడు. కిటికీ అతని తల కన్నా ఎత్తులో ఉంది. మెడ లేచినంత మేరకు ఆమె మోచెయ్యి కనిపించింది, కిటికీ అద్దం మీద ఆనించిన అరచెయ్యి కనిపించింది. మొహం కనపడలేదు. ఇంకాస్త వెనక్కి జరిగి ఉంటే కనపడేది. ఆ సంగతి బస్సు కదిలాక తోచింది.

ఇంటికొచ్చేసరికి మిషను మళ్ళీ నడుస్తోంది. భార్య తలెత్తలేదు. కూతురి గది ఒకప్పుడు సామాన్లు పెట్టుకునే గది. మంచం వేస్తే ఇంకేమీ పట్టదు. పగలంతా తలుపు గోడకి ఆనుకుని బార్లా తెరిచే ఉంటుంది. రాత్రి అతను తొందరగా పడుకుంటాడు గనక, ఆ తలుపు మూసి ఉండగా లోపలి నుంచి ఎన్నడూ చూడలేదు. మిషను చప్పుడు భరించలేక లోపలికి వెళ్ళి తలుపు మూశాడు.

తలుపు వెనక నిలువునా పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి అతికించి ఉన్నాయి. వాటి మీద పెన్సిలుతో విమానం ముందుభాగమంతా గీసి ఉంది. గుండ్రటి గడియారాలు, ముళ్ళు, మీటలు, వరసల వరసల స్విచ్చులు. ప్రతిదాని కిందా చీమ తలకాయంత అక్షరాలతో పేరు. మంచం అంచున కూర్చుంటే మోకాళ్ళు సరిగ్గా తలుపుకి తగులుతాయి. అతను కూర్చున్నాడు. తనకి తెలిసిన పద్ధతిలోనే, ఎడమ నుంచి కుడికి, వరస వెంట వరస చూసుకుంటూ వచ్చాడు. గీతలన్నీ నిన్న గీసినట్టు పదునుగా ఉన్నాయి. కింద, కుడిచెయ్యి వాలే చోట మాత్రం, ఇంజను వేగం పెంచే మీట గీసిన కాగితం వేళ్ళ రాపిడికి నల్లబడి, నూనెపట్టి, నడుమ చిరిగిపోయి, అర్ధరూపాయంత మేర తలుపు చెక్క బయటపడి నున్నగా మెరుస్తోంది.