సీడీ పట్టని మిషన్

మా అమ్మాయి భాను అరకు రోడ్డు పక్కన గేముల గది పెట్టి మూడేళ్లయింది. రెండు పాత మిషన్లు, రెండు టీవీలు, అట్టపెట్టె నిండా గేము సీడీలు. టూరిస్టుల పిల్లలు, కాలేజీ గుంటలు వచ్చి ఆడుకుంటారు. ఈ గది మూతపడితే కొండ కింద బట్టల కంపెనీలో చేరి హాస్టల్లో ఉంటానంటుంది. అక్కడ దానికి జ్వరమొచ్చినా నాకు తెలిసేసరికి రెండు రోజులవుతుంది. అందుకే ఆ గదిలోకి ఎవరొచ్చినా నేను ఓ కన్నేసి ఉంచుతాను.

మొన్న సోమవారం వానలో సాలూరు నుంచి లక్ష్మణరావు వచ్చాడు. మా పాత మిషన్లు అమ్మింది ఆయనే. సంచిలోంచి తెల్లటి కొత్త మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. ముందూ వెనకా తిప్పి చూశాను.

"సీడీ ఎక్కడ పెడతారు బాబూ?"

"దీనికి సీడీలు అక్కర్లేదమ్మా. గేములన్నీ నెట్‌లోంచి దిగుతాయి. మీ రెండు మిషన్లూ, సీడీలూ నాకిచ్చేయండి, ఇది పెట్టేస్తాను."

భాను అప్పటికే సీడీలు సంచిలో సర్దుతోంది. రిసార్టు దగ్గర ఇంకో గేముల గది తెరిచారు. కొత్త ఫుట్‌బాల్ గేము అక్కడే ఉందట. రెండు ఆదివారాలుగా మా గది సగం ఖాళీ. దాని తొందర నాకు తెలుసు. కానీ నాకింకోటి కూడా గుర్తుంది.

"మూడేళ్ల కిందట ఇదే బల్ల దగ్గర నువ్వొక వీడియో చూపించావు కదా బాబూ. ఈ మిషన్ చేసే కంపెనీ పెద్దాయనే. వేరేవాళ్లు సీడీ లేని మిషన్ తెచ్చారని ఎగతాళి చేశాడు. సీడీ మీ చేతిలో ఉంటేనే గేము మీది, మేం ఎప్పటికీ అలా చెయ్యం అన్నాడు. నాకు తెలుగులో చెప్పింది నువ్వే."

"రోజులు మారాయమ్మా. అప్పుడు నెట్ ఇంత లేదు."

"పెద్దాయన మారాడేటి?"

"ఆయనే. చొక్కా మారింది."

భాను నవ్వింది. "నువ్వు మాత్రం ఏటమ్మా? గేములాడితే కళ్లు పోతాయని నా మిషన్ వాకిట్లో పడేసినావు. ఇప్పుడు నేను భోజనానికి పోతే కారు పందెం ఆడతన్నావంట. టీ కొట్టు నూకరత్నం సెప్పింది."

"వేళ్ల నొప్పులకి మంచిదని ఆడాను," అన్నాను.

లక్ష్మణరావు కూడా నవ్వి, సీడీల సంచి అందుకున్నాడు. "అలా కుక్కకు భానూ, గీతలు పడతాయి. ఒక్కోటి గుడ్డలో చుట్టు."

ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

ఆరేళ్ల కిందట, కాఫీ కొనే వరహాలరావు మా ఇంటికొచ్చి, తొక్కతో ఎండబెట్టిన కాఫీ చెత్త అన్నాడు. కోసిన రోజే తొక్క తీసి కడగాలన్నాడు. సరేనని తొక్క తీసే పల్పర్ మిషన్ కొన్నాం. పోయినేడు ఆ మనిషే వచ్చి, తొక్కతో ఎండిందే కావాలి, దానికే గిరాకీ అన్నాడు. పల్పర్ ఇప్పుడు టార్పాలిన్ కింద ఉంది. అయితే చెత్త అన్న రోజున కూడా మా తొక్క కాఫీ మూటలన్నీ జీపెక్కించుకునే పోయాడు. చెత్త ఎందుకు మోసుకుపోతున్నాడని ఆ రోజు నేను అడగలేదు.

"పనికిరాని సీడీలకి గీతలు పడితే ఏటి బాబూ?"

లక్ష్మణరావు గొంతు సవరించుకున్నాడు. "చింతూరు వైపు అడుగుతారమ్మా. అక్కడ సిగ్నల్ ఉండదు కదా."

"మా దగ్గర ఉంటదేటి?"

భాను ఫోను పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. వానలోకి చెయ్యి చాపి చూసినా నెట్ రాలేదు. వెనక్కొచ్చి, సంచి ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"ఒక మిషన్ ఇస్తానండి. సీడీలివ్వను."

"సీడీలతోనే బేరం, భానూ. అవి లేకపోతే కుదరదు." కొత్త మిషన్ తన సంచిలో పెట్టుకుని జీపెక్కాడు.

ఆ జీపు మలుపు తిరగ్గానే నాకు భయం పట్టుకుంది. రేపు పిల్లలందరూ రిసార్టుకే పోతే? నా నోటివల్లే గది మూతపడితే? నిలవలేక సీడీల పెట్టెలు తెరిచి చూశాను. పాత ఫుట్‌బాల్ గేము పెట్టె ఖాళీ.

"కొట్టేశాడే గుంటా. బేగి ఫోన్ చెయ్యి."

భాను పాత మిషన్ బటన్ నొక్కింది. సీడీ నెమ్మదిగా బయటికొచ్చింది. "పొద్దున్నించీ ఇందులోనే ఉందమ్మా. ఆయన్ని దొంగని సేసేసినావు."

తర్వాత అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి కట్టింది: వాన పడినా, నెట్ పోయినా ఇక్కడ ఆట ఉంటుంది.

"రిసార్టువాళ్లు కూడా ఇదే రాస్తారేమో," అన్నాను.

"రాసుకోనీ. వాళ్లవి సీడీ పెట్టే మిషన్లు కావు కదా."

అయినా నాకు నమ్మకం చాల్లేదు. ఆ రోజు నుంచీ గది మూసేటప్పుడు సీడీల సంచి ఇంటికి తెచ్చి, టార్పాలిన్ ఎత్తి పల్పర్ గరాటాలో దాస్తున్నాను. పొద్దున్నే తీసి భానుకి ఇస్తాను. వరహాలరావు మళ్లీ మాట మార్చేదాకా ఆ పల్పర్ జోలికి ఎవరూ రారు.