నేలవేముకు పథ్యం

నేలవేము కషాయం ఇచ్చి తీపి ముట్టొద్దని చెప్పడం మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పథ్యం లేనిదాన్ని జనం మందనుకోరు. అందుకే ఇరవై ఏళ్లు ఆ మాట దర్జాగా వాడుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు కంపరమెత్తుతుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, గిద్దలూరు దగ్గర కొండకింద మా పల్లెలో చలిజ్వరాలు మొదలయ్యాయి. గొర్రెలు కాసే యల్లయ్య భార్య పోలమ్మకు జ్వరం తలకెక్కింది. సగిలేరు పొంగి ఉంది, ఆస్పత్రికి బండి కదలదు. జ్వరాల కోసం ముందే మా పల్లెలో మకాం వేసిన మిషన్ నర్సు దయామణి క్వినైన్ సూది వేసింది.

"ఇది కూడా చెట్టు బెరడులోంచి తీసిందే పెదనాయనా. మీ కసాయం ఇయ్యండి, వద్దనను. గాని అది పక్కమందే. ఈ జ్వరానికీ ఈ సూదికీ నెత్తురులో చక్కెర పడిపోతాది. గుటక పడినంతసేపూ గంటకోసారి బెల్లం నీళ్లు తాపాల," అంది.

నేను సరేనని కషాయం ఇచ్చాను, నా పథ్యం మాట మాత్రం ఎత్తలేదు. పోలమ్మ అత్త మాలకొండమ్మ కూడా తలూపింది. దయామణి మిగతా జ్వరాల ఇళ్లకు పోయింది.

పొద్దున పోయి చూస్తే పోలమ్మ చెమటలో తడిసి ముద్దయింది. కళ్లు తేలేసి, పిలిస్తే పలకడం లేదు. తలాపున చెంబు నిండా బెల్లం నీళ్లు. అందులో ఈగలు చచ్చి తేలుతున్నాయి.

"ఎందుకు తాపలేదు?" అన్నాను.

"నీ కసాయం ఇరిగిపోతాదని, అన్నా. తీపి ముట్టొద్దన్నది నువ్వే గదా. నిన్న వచ్చిన ఆయమ్మి మాట ఇంటామా?"

గొప్పగా చెప్పింది మాలకొండమ్మ. రోత పుట్టింది ఆమె మీద కాదు, ఆ మాట నా నోటిది.

పరుగున పోయి దయామణిని పిలుచుకొచ్చాను. తన దగ్గరున్న ఆఖరి గ్లూకోజు మందు నరంలోకి ఎక్కించింది. కాసేపటికి పోలమ్మ కళ్లు కదిలాయి. మంచినీళ్లు అడిగింది. యల్లయ్య గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

మాలకొండమ్మ వాకిట్లో జనానికి చెబుతోంది: "చూసినారా మా అన్న కసాయం. ఒక్క చుక్క తీపి ముట్టనీలేదు నేను."

దయామణి నా వైపు తిరిగింది. "చెప్పండి పెదనాయనా," అంది మెల్లగా.

నా పథ్యం ఉత్త అబద్ధం, ఈ పిల్లను అదే చంపబోయింది అంటే చాలు. వాకిలి నిండా జనం నన్నే చూస్తున్నారు. పైగుడ్డ దులుపుకుని, "అంతా దేవుని దయ," అన్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా.

ఆ జనంలోనే ఉంది ఆదిలక్ష్మమ్మ. ఆమె చంకలోని కూతురికి రెండు రోజులుగా అదే జ్వరం. బిడ్డ చేతిలోని బెల్లం ముక్క లాక్కుని దిబ్బ మీదికి విసిరేసింది. "ఉమ్మేయ్, ఉమ్మేయ్," అంటూ ఆ పసినోట్లో వేలు పెట్టి గెలికింది.

నేను చూస్తూ నిలబడ్డాను.