సాంచాల చెవి

అయినా పిల్ల చెవులు బాగానే ఉన్నాయని ఆ చెవుల డాక్టరు అంత నవ్వుతూ చెప్పాలా, పోయాయని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది, అనుకుంది ప్రమీల, కన్నతల్లి కోరాల్సిన కోరికేనా ఇది, ఆసుపత్రి బెంచీ మీద పక్కనే కూతురు సింధూజ కాళ్ళూపుతోంది, ఒక చెప్పు అప్పుడే ఎక్కడో జారిపోయింది, తొమ్మిదేళ్ళ పిల్ల, పది కేకలు వేస్తే గాని ఈ లోకంలోకి రాదు, బట్ట నేసే కరెంటు మగ్గాల, ఆ సాంచాల మోతలో నిలబడి నిలబడి దాని తండ్రి గణపతి ఎప్పుడో చెవులు పోగొట్టుకున్నాడు, సూరత్‌లోని లింబాయత్‌లో వాళ్ళ గల్లీలో ఏ ఇంట చూసినా అంతే, సాంచాలు నడిపేవాళ్ళకు మాటంటే అరుపే, కాబట్టి పిల్లకూ సాంచాల చెవే వచ్చిందని ఇంటిల్లిపాదీ తీర్మానించి ఏడాది పాటు దాని చెవిలో అరిచారు, తీరా పరీక్ష చేయిస్తే చెవులు లక్షణంగా ఉన్నాయి, హమ్మయ్య అనాలి కదా, ఎవరూ అనలేదు, చెవులుండి ఇనదంటే అది ఒళ్ళు కొవ్వే అంది అత్త, ఆ రోజు నుంచే ఇంట్లో చెయ్యి లేవడం మొదలైంది, అత్తది కాదు, ప్రమీలదే.

ఇప్పుడు ఈ గదిలోని మనసుల డాక్టరమ్మేమో ఏడీహెచ్‌డీలా ఉందంటోంది, మనసు ఒకచోట నిలవదు, పుట్టుకతోనే వస్తుంది, పిల్ల తప్పు కాదు అని హిందీలో నెమ్మదిగా చెప్పింది, పూర్తి పరీక్ష చేసి తేలితే రాసిస్తాను, బడిలో చూపించి సాయం అడగొచ్చు, చేద్దామా వద్దా బయట కూర్చుని ఆలోచించుకోండి అంది, ఆలోచించుకోవాలట, రాసిచ్చాక అది ఎవరి కంట పడుతుంది, బడిలో వెనక బెంచీకి తోసేస్తారా, పిచ్చిపిల్ల అని గల్లీ అంతా పాకుతుందా, మన పద్మశాలోళ్ళల్ల మాట దాగుతదానే, ఇయ్యాల సూరత్‌ల అంటే రేపు సిరిసిల్లల ఇనవడ్తది అన్నాడు గణపతి పొద్దున వీళ్ళు బయల్దేరేటప్పుడే, ఆయనకు వినపడనిదల్లా ఇంట్లో మాటే, మందులిస్తారేమో, గోడ మీది బల్లికి కూడా కథలు చెప్పే పిల్ల మందులు మింగి నోరు మూసుకుని కూర్చుంటే, వద్దు, లేచి పోదాం, చీరలకు రాళ్ళు అంటించే పని ఇంట్లో గుట్టలా పడుంది, పోదాం, ఇంకో కాలి చెప్పు ఏదే, ఏడ పారేసినవే, అంటూ ప్రమీల చెయ్యెత్తింది.

దెబ్బ పడకముందే సింధూజ చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఏడవలేదు, బెదరలేదు, వానకు గొడుగు తెరిచినంత మామూలుగా, ఆ చేతి చాటు నుంచే అంది, అమ్మా, నాక్కూడ బాపు లెక్క చెవులు వోయినయని రాయమను, ఎందుకే అలా అంటున్నావంటే, బాపుకు ఇనవడకపోతే ఎవ్వరు కొట్టరు గదా, మల్ల చెప్తరు.

మళ్ళీ చెప్తారు, అవును, ఎదురుగా వచ్చి పెదవులు కనిపించేలా చెప్తారు, భుజం తట్టి చెప్తారు, విసుక్కోరు, ఎందుకంటే ఆయన వినకపోవడానికి ఒక పేరుంది, పిల్లకేమో ఏ డాక్టరూ రాయకుండానే మొండిది, కొవ్వెక్కింది అని పేర్లు పెట్టేశారు, రోజూ వాటితోనే పిలుస్తున్నారు, గల్లీ ఏమంటుందోనని ఇంతసేపు వణికింది గాని ఇంట్లో తను అన్నదాని కంటే గల్లీ కొత్తగా అనేదేముంది, రాయనీ డాక్టరమ్మను, దెబ్బ లేని పేరు పిల్లకు ఇంతవరకూ ఒక్కటీ లేదు.