పైడమ్మ మాటా, రాసినాయన మాటా

మొగుడూ పెళ్ళాల తగువులో ఏ ఇంట్లోనైనా పెద్దమనుషుల్ని సాక్ష్యం పిలుస్తారు. పోర్ట్ బ్లెయిర్ చివర సముద్రపొడ్డున కాపురముండే కాళమ్మ మాత్రం పుస్తకాన్ని పిలిచేది. అలాగని ఆమెకు అక్షరం ముక్క వచ్చనుకునేరు, రాదు. కానీ అట్ట ఊడి, ఉప్పుగాలికి అప్పడంలా ఉబ్బిపోయిన ఆ పుస్తకం మొత్తం ఆమెకు నోటికొచ్చు. అందులో పైడమ్మ అని ఒక చేపలావిడ ఉంటుంది. తుపాన్లో మొగుడు పోతే, అతని పడవను కాజేయబోయిన షావుకారు మీద కోర్టుకెళ్ళి మరీ గెలుచుకుంటుంది.

ఇంట్లో ఏ మాటొచ్చినా "పైడమ్మయితే ఒప్పునా?" అనేది కాళమ్మ. వానలకు ముందే ఇల్లు కప్పించాలన్నా అదే మాట, పడిన వంజరం చేపంతా బజారుకే తోలకుండా కూరకో ముక్క ఉంచాలన్నా అదే మాట. ఆమె మొగుడు పోలిరాజు ఎంత కెరటాన్నయినా దాటేవాడు గానీ ఆ పైడమ్మను దాటలేకపోయేవాడు. ఏటేటా నూకాలమ్మ పండక్కి దండం పెట్టుకునేటప్పుడు, ఆ పుస్తకం రాసినాయన పిల్లాపాపా చల్లగా ఉండాలని కూడా మొక్కుకునేది కాళమ్మ.

సాయంత్రాలు వలలు బాగుచేసుకుంటూంటే, కూతురు చిన్నమ్మి పుస్తకం చదివేది. పోలిరాజూ, అతని అన్న నూకన్నా, చుట్టుపక్కల ఆడవాళ్ళూ చేరి వినేవారు. ఎన్నిసార్లు విన్న కథయినా కోర్టు ఘట్టం దగ్గర కొంప మునిగినట్టు కూర్చునేవారు.

చిన్నమ్మికి ఆ ఏడాది అయిదో తరగతి అయిపోయింది. ఆరో తరగతికి బస్సెక్కి టౌన్లో పెద్దబడికి పోవాలి. పంపుదామంది కాళమ్మ. ఆడపిల్లకి బస్సులేటని గొణిగాడు పోలిరాజు. ఆ గొణుగుడికి బలం మద్రాసు ఓడలో దిగింది.

సహకార దుకాణంలో గుమాస్తా సత్యారావు ఆ ఓడలో వచ్చిన ఓ వారపత్రిక పట్టుకుని వచ్చాడు. "కాళమ్మా, నీ పైడమ్మను రాసినాయన బొమ్మ పడిందమ్మా. ఏవో మాటలు కూడా చెప్పాడు" అని సంబరంగా చదవడం మొదలెట్టాడు. చదివేకొద్దీ ఆ సంబరం సన్నబడింది. జాలరి ఆడపిల్లలకు చదువు దండగట. నాలుగక్షరాలొస్తే గంప మొయ్యరట, పెద్దల మాట వినరట. వాళ్ళను ఎరిగినవాణ్ణి గనక చెబుతున్నానన్నాడట.

కాళమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. పోలిరాజు మొహం మాత్రం మతాబాలా వెలిగింది.

"ఏటే కాళీ, ఇప్పుడేటంటావు? పైడమ్మని కన్న తండ్రే సెప్పీసినాడు. ఇన్నాళ్ళూ నాను తలొంచినాను. ఇప్పుడు నువ్వొంచాల."

"ఒంచుతాదిలే" అన్నాడు నూకన్న, నవ్వు మింగుకుంటూ.

కాళమ్మ లోపలికెళ్ళి, పుస్తకాన్ని చూరులో విసురుగా దోపింది. కాసేపటికి మళ్ళీ తీసి, దుమ్ము దులిపి, ఒద్దికగా పెట్టింది. మొగుడి మీద కోపానికి పిల్లని కొట్టినట్టుంటుంది కదా మరి. రాసినాయనేదో అన్నాడని పైడమ్మనేం చేస్తాం?

మర్నాడు వల పరిచి, పోలిరాజు దర్జాగా కేకేశాడు. "అమ్మీ, పుస్తకం తే."

"పిల్ల సదవదు" అంది కాళమ్మ.

"అదేటి?"

"ఆడపిల్లకి అచ్చరం ఒద్దన్నాడు కదా రాసినాయన. నువ్వూ ఒప్పుకున్నావు, నానూ ఒప్పుకున్నాను. ఇంక ఈ పిల్ల పుస్తకం ముట్టదు. దా అమ్మీ, వల కుట్టు."

చిన్నమ్మి బిక్కమొహం వేసుకుని కూర్చుంది. కాళమ్మకూ లోపల గుబులే. కథ లేకపోయినా పరవాలేదని మొగుడనేస్తే పిల్ల బతుకు అక్కడితో సరి. ఆ గుబులు పైకి కనబడనిస్తుందా?

పోలిరాజు రెండు సాయంత్రాలు బింకంగానే ఉన్నాడు. మూడోనాడు సత్యారావును బతిమాలి తీసుకొచ్చాడు. అతను రేషను ధరలు చదివినట్టు చదివాడు. పైడమ్మ కోర్టు మెట్లెక్కెను, ఏడ్చెను, మానెను.

నూకన్న చెవి గోక్కున్నాడు. "సత్యారావు బాబూ, పైడమ్మ ఏడిసిందా, పప్పు ధర పెరిగిందా?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సత్యారావు పుస్తకం మూసి, దుకాణంలో పనుందన్నాడు. "ఒరే పోలిగా, నువ్వు గెలిసినావు గానీ మా కథ పోనాదిరా" అని నూకన్న కూడా లేచిపోయాడు.

పోలిరాజు పొయ్యి దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"కాళీ. ఆయన సుద్దులు ఆయనింట్లో సెప్పుకోమను. మన పిల్ల మనిష్టం."

"పైడమ్మని కన్న తండ్రన్నావు?"

"కంటే ఏటి? మా అయ్య నన్ను కన్నాడు. ఆడు పొద్దుగాల్నించీ తాగీవోడు. నాను తాగుతున్నానా?"

"దీపావళికి తాగుతావు."

"దీపావళి లెక్కలోకి రాదు."

కాళమ్మ కూర కలియబెట్టింది. "మరి పెద్దబడో?"

పోలిరాజు చూరుకేసి చూశాడు. "ఠీకే. సోమవారం నానే తీసుకెళ్తాను."

అన్నట్టే తీసుకెళ్ళి చేర్పించాడు. బస్సు దిగగానే ఆ సంగతి వాడంతా చాటింది కూడా అతనే, తన ఆలోచనే అయినట్టు. ఆ సాయంత్రం అందరూ మళ్ళీ చేరారు. చిన్నమ్మి చదువుతూ, పైడమ్మ చెల్లెలు పలక కొనమని అడిగే చోటికొచ్చింది. చేపపిల్లకు ఈత నేర్పాలా అని అందరూ నవ్వారని రాసుంది.

"ఆగమ్మా" అంది కాళమ్మ. "ఇన్నేళ్ళూ అక్కడ నానూ నవ్వినాను. అది పైడమ్మ మాట కాదు. సాటుగా ఆయనే దూరినాడు."

"ఆ వరస కొట్టేయించమంటావా?" అన్నాడు పోలిరాజు.

"ఎందుకు? ఉండనీ. ఆ సోటికొచ్చినప్పుడల్లా ఆయన్ని నాలుగు తిట్లు తిడతాను." అని, నిజంగానే మూతి తిప్పి ఏదో గొణుక్కుంది.

చిన్నమ్మి వేలు ఆ వరస మీదే ఉంచి అడిగింది. "అమ్మా, అయినాయా తిట్లు? సదవనా?"

"ఇంకొక్కటుంది. ఉండు."