రెండువందల యాభై అడుగులు

శాంతమ్మ బోరుకూ, ఆమె భర్తకు అన్న అయిన చెంగల్రాయుడు కొత్తగా వేయించబోయే బోరుకూ మధ్య దూరమెంతో ఆ ఉదయం తేలాలి. పుంగనూరు దగ్గరి ఆ ఊళ్లో బోరుకూ బోరుకూ నడుమ రెండువందల యాభై అడుగులు ఉండాలని పెద్దలు ఎప్పుడో కట్టుబాటు చేశారు. అంతకు తగ్గితే పాత బోరు ఎండుతుందని వాళ్ల నమ్మకం. శాంతమ్మకున్నదల్లా ఆ బోరూ, దాని కింది రెండెకరాలూ. బోరు పోతే కూతురు చంద్రిక మదనపల్లె కాలేజీకి పోయే బస్సు కూడా పోయినట్టే.

కొలత తాడు పాపయ్య చేతిలో ఉంది. ఎవరి వైపూ మొగ్గడని పేరుండబట్టి ఊళ్లో కొలతలన్నీ అతనివే. శాంతమ్మ బోరు దగ్గర మొదలుపెట్టి గట్టు వెంబడి తూర్పుకు రెండువందల అడుగులు కొలిచాడు. మూల తిరిగి ఇంకో గట్టు మీద ఉత్తరానికి తొంభై కొలిచాడు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ల జాడ చెప్పే మనిషి చెంగల్రాయుడికి గుర్తు పెట్టిచ్చిన చోటు అదే. మొత్తం రెండువందల తొంభై అన్నాడు పాపయ్య. ఎవరూ కాదనలేదు.

నడుమ ఉన్నది శాంతమ్మ వేరుశనగ చేను. ఊడలు భూమిలోకి దిగే రోజులు. అప్పుడు చేలో అడుగు పడితే ఊడ తెగుతుంది, తెగిన ఊడకు కాయ పట్టదు. ఆ రోజుల్లో చేనుగలవాళ్లే లోపలికి పోరు. కుక్క దూరినా గట్టు మీది నుంచే అదిలిస్తారు. అందుకే ఆ ఊళ్లో దూరమంటే గట్ల మీది దూరమే.

కుప్పం నుంచి వచ్చిన బోరు లారీ ఇంజను ఆపకుండా దారిలో నిలబడి ఉంది. చంద్రిక మాట్లాడే పిల్ల కాదు. ఆరోజు మాట్లాడింది.

"నీళ్లు గట్టెంబడి తిరిగి పోవు గదా పెద్దనాయనా."

గళ్ల కాగితం మీద గీసి చూపించింది. అమ్మ బోరు సున్నా. తూర్పుకు రెండువందలు, ఉత్తరానికి తొంభై. ఒక్కోదాన్నీ దానితోనే గుణించి, రెండూ కలిపి, వర్గమూలం తీస్తే అడ్డంగా ఉండే దూరం వస్తుంది. రెండువందల పంతొమ్మిదిన్నర కూడా లేదు.

చెంగల్రాయుడు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు. పిల్ల లెక్క నిజమో కాదో తేలాలంటే తాడు అడ్డంగానే లాగాలన్నాడు. పాపయ్య చేను వైపు చూసి నసిగాడు.

"లెక్క ఆ పాపది, సేను వాళ్లది. యాల ఎనకాడతావప్పా, లాగు," అన్నాడు చెంగల్రాయుడు.

ఆరుగురు చెప్పులతోనే దిగారు. తాడు చెట్లకు చిక్కుకుందని ఒకసారి, వంకర పోయిందని ఒకసారి, సరిచూడాలని మరొకసారి, మూడుసార్లు లాగారు. ఒకడు నడుమ నిలబడి బీడీ వెలిగించుకున్నాడు. శాంతమ్మ కొంగు నోట్లో పెట్టుకుని గట్టు మీదే ఉండిపోయింది. చివరికి పాపయ్య లెక్క చెప్పాడు. రెండువందల పంతొమ్మిది అడుగుల నాలుగంగుళాలు.

"పాప సెప్పినంతే ఉండాది," అన్నాడు.

ఆ మాటకు చంద్రిక ఒళ్లు పులకరించింది. తర్వాత ఎన్నాళ్లకూ తనను తాను క్షమించుకోలేకపోయింది ఆ పులకరింతకే.

చెంగల్రాయుడికి కోపం రాలేదు. నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "కట్టుబాటు దాటేవాణ్ణి కాదు తల్లీ నేను. యాడ యెయ్యాల్నో నువ్వే సెప్పు. ఆడే ఏస్తా."

తెలీదనొచ్చు. కానీ లెక్క అప్పటికే చేతిలో కదులుతోంది. తూర్పు రెండువందలు అలాగే ఉంచితే ఉత్తరానికి నూటయాభై కావాలి. అప్పుడు వర్గమూలం సరిగ్గా రెండువందల యాభై, ఒక అంగుళం కూడా మిగలదు. ఇంకో అరవై అడుగులు జరపమంది. తానే పోయి కానుగ పుల్ల నాటింది. వెనక నుంచి "సాలు, రామ్మా" అన్న తల్లి గొంతు లారీ మోతలో వినబడీ వినబడనట్టుగా ఉంది.

టెంకాయ మనిషి చూపిన చోట ఏముండేదో ఎవరికీ తెలీదు, బండే ఉండేదేమో. చంద్రిక పుల్ల నాటిన చోట మాత్రం ఆరువందల అడుగుల్లో నీళ్లు లారీ ఎత్తుకు ఎగిరాయి. చోటు చూపినవాళ్ల నెత్తిన మొదటి నీళ్లు చల్లడం ఆ ప్రాంతపు ఆనవాయితీ. చెంగల్రాయుడు చెంబుతో తెచ్చి అందరి ముందూ తమ్ముడి కూతురి తల తడిపాడు. పసుపు బొట్టు పెట్టాడు. శాంతమ్మను కూడా పిలిచి తీర్థం ఇప్పించాడు. ఆమె తాగింది.

పన్నెండో రోజున శాంతమ్మ మోటారు గాలి పీల్చింది. తాడు లాగిన పట్టెలో చెట్లు పీకితే వేళ్లకు మట్టి తప్ప ఏమీ లేదు. మిగిలిన చేను కాయ ముదరకముందే ఎండింది. ఆమె కూతుర్ని తిట్టలేదు. ఒక్కసారి, పొయ్యి ముందు కూర్చుని, "అడిగితే సెప్పాల్నా?" అని అడిగింది.

మాఘంలో పాపయ్య వచ్చాడు. శాంతమ్మ కుప్పంలో రాళ్లు పాలిష్ పట్టే పనికి పోవడానికి మూట కట్టుకుంటోంది. చంద్రికకు కూడా అక్కడే పని మాట్లాడి ఉంది. పాపయ్య గుమ్మంలోనే నిలబడి, వాళ్ల పక్క చేను తనదే గదా, తానూ బోరు వేయించుకుంటున్నానని చెప్పాడు.

"మీ బోరు సచ్చిపోయింది గదా పాపా, దాన్నించి కొలవబన్లే. మీ పెద్దనాయన బోరు ఒగటి సూసుకుంటే సాలు. యాడికొస్తాదో కాగితమ్మీద సూసి సెప్పు."

చంద్రిక తల్లి వైపు చూసింది. శాంతమ్మ మూట ముడి బిగిస్తూ తలెత్తలేదు.

"ఇప్పుడు సెప్పు," అంది. "ఇంక మనది పోయేదేమీ లే."

చంద్రిక పుస్తకం తెరిచింది. పాత కాగితం అందులోనే ఉంది, అమ్మ బోరు దగ్గర సున్నాతో. దాన్ని మడిచి పక్కన పెట్టింది. కొత్త కాగితం తీసి, పెద్దనాయన బోరు దగ్గర సున్నా పెట్టింది.