నెమలికంఠం రంగు సంచి

భుజం మీద పమిట సర్దుకుని, కుచ్చెళ్ళు నడుం దగ్గర గుప్పిట పట్టుకుని, భిక్షపతి ఒక కాలు కాస్త ముందుకు పెట్టి నిలబడ్డాడు. పంజాగుట్ట షోరూములో పట్టుచీరల అంతస్తు అది. ఎదురుగా తెల్లపరుపు మీద కూర్చున్న తల్లీ కూతుళ్ళు అతన్ని భుజం నుంచి పాదం దాకా చూశారు. చూపంతా చీర మీదే. చీర వెనక ఉన్న మనిషి మీద ఈ ముప్పై ఏళ్ళలో ఎవరి చూపూ ఆగలేదు, ఆగాలని అతనూ అనుకోలేదు.

"రంగు మరీ ముదురేమో. ఇంకోటి చూపిస్తారా?" అంది తల్లి.

"చూడుండ్రమ్మా. నచ్చేదాక చూడుండ్రి" అన్నాడు.

సన్నటి మనిషి. యాభై దాటి కొన్నేళ్ళయింది. గడ్డం గరుకు పట్టుకు తగలకూడదని పొద్దున్నే నున్నగా గీసుకుంటాడు, జరీ లేస్తుందని గోళ్ళు మొదలంటా కత్తిరిస్తాడు. అతని ఒంటి మీద చీర ఎంత ఒదిగేదంటే, కొన్నవాళ్ళు ఇంటికి పోయి కట్టుకున్నాక "షాపులో ఉన్నట్టు లేదే" అని నిష్ఠూరపడేవాళ్ళు. ఆ నిష్ఠూరమే అతనికి దక్కిన బిరుదు.

మంగళవారం అతనికి సగం పూటే డ్యూటీ. మధ్యాహ్నం కాగానే చీరలు మడతపెట్టి, మెట్లు దిగి, చెప్పులు తొడుక్కున్నాడు. బిల్లింగు దగ్గర కూర్చునే విజయేందర్ ఊరుకోలేదు.

"ఏందన్నా, మంగళారమొస్తే మస్తు ఖుషీగ ఉంటవు."

"ఇంటికి పోయి జర నడుం వాలుస్త, గంతే" అని నవ్వాడు భిక్షపతి. అది పూర్తిగా అబద్ధం కాదు.

అమీర్‌పేటలో షేర్ ఆటో కోసం నిలబడితే ఎదురుగా ఆ డాక్టరు బోర్డు కనిపించింది. పోయిన చలికాలం మూత్రం ఇబ్బందిగా ఉంటే అక్కడికే పోయాడు. మగవాళ్ళకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి వాచిందేమోనని డాక్టరు గ్లౌజు తొడుక్కుని లోపల వేలితో చూశాడు. భిక్షపతి సిగ్గుతో గోడకేసి చూస్తూ పడుకున్నాడు. ఆ ఒక్క క్షణంలో, నొప్పి కానిది, ఇదీ అని పేరు లేనిది ఒకటి నడుములోంచి లేచి అరికాళ్ళ దాకా పోయింది. గ్రంథి బాగానే ఉంది, మందులు వాడితే చాలన్నాడు డాక్టరు. భిక్షపతి తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"సార్, ఆడ... జర మంచిగ అనిపిచ్చింది. గది రోగమా?"

డాక్టరు చీటీ రాస్తూ తలెత్తలేదు. "కాదు. చాలామందికి అనిపిస్తుంది. దానికోసం వస్తువులు కూడా అమ్ముతారు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇన్నేళ్ళూ మోసుకు తిరిగిన ఒంట్లో ఇంత దాగి ఉందని తెలియకుండానే బతికాడు పాపం. భార్య అంజమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు "ఇగ నాతోని కాదయ్యా" అంది. "సరేతీ" అన్నాడు. ఇద్దరి మధ్యా కోపం లేదు. ఒక మంచం, రెండు దుప్పట్లు, అంతే.

డాక్టరు చెప్పిన ఆ వస్తువు కోసం ఫోనులో చాన్నాళ్ళు వెతికాడు. జీవితంలో మొదటిసారి, పరుపుకు అవతల కూర్చుని బేరం చేసే మనిషయ్యాడు. ఇది లావు, అది మరీ వంకర, ఇంకోదానికి అడుగున వెడల్పు పీట లేదు. పీట లేనిది లోపలికి జారిపోతే ఆస్పత్రి పాలేనని చదివి ఒళ్ళు జలదరించింది. గట్టి ప్లాస్టిక్ వద్దు, మెత్తటి సిలికాన్‌దే కావాలి. తన చేత గుట్టలకొద్దీ చీరలు తీయించి ఉత్తచేతులతో లేచిపోయిన ఆడవాళ్ళందరినీ ఆ రోజుల్లో మనసారా క్షమించాడు. చివరికి వేలంత లావున్నది, కొస కొంచెం వంగినది ఒకటి నచ్చింది. నలుపులో ఉంది, నెమలికంఠం రంగులో ఉంది. నెమలికంఠం ఉండగా నలుపు ఎవరు కొంటారు? మరక పడి పక్కన పెట్టిన పట్టు జాకెట్టు ముక్క అదే రంగుది దొరికితే, దానికో సంచి కుట్టి జరీ తాడు వేశాడు.

సంచి సందుగలో అతని చొక్కాల అడుగున ఉంటుంది. భయం మాత్రం ఒక్కటే. అంజమ్మ చూస్తే? "గీ వయసుల గిదేం పాడుబుద్ధి" అని మొహం తిప్పుకుంటే, ఆ తర్వాత ఆమె చేతి కూడు ఎలా మింగుడుపడుతుంది? పారేద్దామని ఒకసారి మోరీ కాలవ దాకా తీసుకుపోయాడు. చేతులు రాలేదు.

బోరబండలో ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. అంజమ్మ శ్రీనగర్ కాలనీలో ఒకరింట్లో వంట చేసి సాయంత్రానికి గానీ రాదు. భిక్షపతి గడియ పెట్టి కిటికీకి పాత చీర దించాడు. ఎండ ఆ చీరలోంచి వడగట్టుకుని గదంతా పలచటి నీలమైంది. స్నానం చేశాడు. ఆ వస్తువును సబ్బు నీళ్ళతో కడిగి, జెల్ ధారాళంగా రాసి, పక్కకు ఒత్తిగిలి మోకాళ్ళు ముడుచుకున్నాడు. మొదట్లో తొందరపడి నొప్పి తెచ్చుకున్నాడు. ఇప్పుడు తెలుసు. ఊపిరి వదులుతూ, ఆగుతూ, ఒళ్ళు ఒప్పుకున్నంతే. పట్టుచీర మడత కూడా అంతే, లాగితే ముడత పడుతుంది, వదిలితే అదే జారుతుంది.

బొత్తాం నొక్కితే సన్నటి మోత. సిరిసిల్లలో మరమగ్గం నడిపిన రోజుల్లో, షిఫ్టు దిగి పడుకుంటే గోడ అవతల ఇలాగే మోగేది. ఆ మోత మీద తేలుతూ తేలుతూ ఎక్కడికో పోయాడు. దారాలు, దారాల మీద నీళ్ళు, నీళ్ళ మీద వెలుతురు. లోపలెక్కడో చిన్న అల లేచి, ఇంకోటి దాన్ని తోసి, ఒకదాని వెనక ఒకటి తొడల్లోకి, వీపులోకి, మాడు దాకా పాకాయి. అతను ఎవరికీ ఏమీ చూపించనక్కర్లేదు. అటు తిరగమనేవాళ్ళు లేరు. ఈ ఒళ్ళు చీర కోసం కాదు, తన కోసం ఉంది. అంత సంతోషం పట్టక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చాలాసేపటికి గల్లీ మొదట్లో అంజమ్మ గొంతు వినిపించింది. పక్కింటి లచ్చమ్మతో నల్లా నీళ్ళ గురించి మాట్లాడుతోంది. మంగళవారం వచ్చిందంటే ఆమెకు లచ్చమ్మతో మాటలు తెగవు, గొంతు కూడా పెద్దదవుతుంది. ఆమె వచ్చేలోపు అతను అంతా కడిగి, తుడిచి, సంచిలో పెట్టి, తాడు పువ్వులా ముడివేసి, గడియ తీశాడు.

"తిన్నవా?" అంది అంజమ్మ లోపలికి వస్తూ.

"తిన్న."

ఆమె అతని మొహం ఒకసారి చూసి, చాయ్ పెట్టడానికి పోయింది.

శ్రావణంలో గిరాకీ పెరిగింది. ఒక సాయంత్రం భుజం మీద గులాబీ రంగు పమిటతో స్టూలు మీద కూర్చున్న భిక్షపతి మళ్ళీ లేవలేదు. నిద్రపోయాడనుకున్నారు. కొనడానికి వచ్చిన అమ్మాయి చీర మీంచి చూపు తీసి అతని మొహం చూసింది. "అన్నా" అని పిలిచింది.

మూడోనాడు శ్మశానం దగ్గర అతని తమ్ముడు సాయిలు విస్తరేసి అన్నం, కోడికూర, కల్లు పెట్టాడు. పోయినవాడి తరఫున కాకి వచ్చి ముట్టాలి. పావురాలు వస్తున్నాయి తప్ప కాకి రాలేదు. సాయిలు వాటిని తోలి తోలి అలిసిపోయాడు.

"అన్నకు ఇష్టమైంది ఏదో మరిచినం వదినె."

అంజమ్మ చేతిసంచిలోంచి నెమలికంఠం రంగు సంచి తీసి విస్తరి పక్కన పెట్టింది.

"ఏంది గది?" అంటూ సాయిలు తాడు మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టకు. గది ఆయనది" అంది అంజమ్మ. "ఆయన దానితోని లోపటుండంగ నేను సుత తలుపు ముట్టలే. ప్రతి మంగళారం గల్లీలనే నిలవడ్డ, లచ్చమ్మతోని ఒర్రుకుంట."

సాయిలుకు ఏమీ అర్థం కాలేదు. అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదటిసారి గట్టిగా ఏడ్చింది. కాకి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు మెతుకు అందుకుని ఎగిరిందో ఆమె చూడలేదు. ముట్టిందని ఎవరో అన్నారు. అందరూ చేతులు కడుక్కుని, వెనక్కి తిరగకుండా నడిచారు.

విస్తరి పక్కన ఆ పట్టు సంచి మిగిలింది, అతను పువ్వులా వేసిన జరీ ముడి అలాగే ఉంది.