ఎత్తున అంటించిన కాగితం

మడతపెట్టిన బట్టలు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ గదిగదికీ చేర్చడం నా పని. మెట్ల మీంచి పడి వెన్ను విరిగాక నడుం కింద ఒళ్లు నాది కాకుండా పోయింది గానీ, ఇంటిపని నాదిగానే ఉండిపోయింది. "చేతులు బాగానే ఉన్నాయి, దేవుడి దయ," అంటారు మా అత్తగారు. ఆవిడే నా కుర్చీకి వేలాడే మూత్రం సంచీ చూసి, "దాంతో దేవుడి గదిలోకి వద్దమ్మా," అంటారు. గుమ్మం బయటే దణ్ణం పెట్టుకుంటాను. ఈ ఒళ్లు చేసినవాడికి ఇందులో ఏముంటుందో తెలియదా అనిపిస్తుంది. వెంటనే లెంపలేసుకుంటాను.

ఆసుపత్రివాళ్లు కబురు పెట్టారు. వెన్ను దెబ్బతిన్నవాళ్ల కోసం ముందు దేనిమీద పరిశోధన చెయ్యాలో మమ్మల్నే అడుగుతారట. హాల్లో గోడకి పెద్ద కాగితం. దానిమీద నడక, నొప్పి, చేతుల పట్టు, మూత్రం అదుపు, ఇంకా ఏవేవో. ఎవరికేది ముఖ్యమో దాని పక్కన ఎర్రచుక్క అతికించాలి. కాగితమేమో నిలబడ్డవాళ్ల కళ్లకి సరిపోయేంత ఎత్తున ఉంది. కుర్చీల్లో ఉన్న మేమంతా తలలెత్తి చూస్తుంటే, తోడొచ్చినవాళ్లు లేచారు.

మా ఆయన నా చేతిలో చుక్క తీసుకుని నడక పక్కన పెట్టేశారు. "అడగాలా? లేచి తిరిగితే ఇల్లు బాగుపడుతుంది," అని ఎవరితోనో నవ్వారు.

పక్క కుర్చీలో పెద్దావిడ గొణిగింది. "మావాడూ అక్కడే అంటించాడు. పక్క తడవకుండా ఒక్కరోజు నిద్రపోతే చాలు తల్లీ నాకు."

"మరి చెప్పలేదేం?"

"కన్నకొడుకుతో ఎలా చెప్పనే?"

నేనూ ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. దేవుడికి కూడా. ఆయన్నీ కాళ్లే అడిగాను, అడగడానికి అవే మర్యాదగా ఉంటాయని.

"డాక్టరమ్మా, ఆ కాగితం కాస్త కిందికి దించండి. మా చుక్కలు మేం పెట్టుకుంటాం," అన్నాను కాగితం పక్కన నిలబడ్డావిడతో.

డాక్టరమ్మ నాలిక కరుచుకుంది. "అయ్యో, తోచనే లేదమ్మా," అంటూ దింపించింది. నా చుక్క ఊడదీసి, మూత్రం అదుపు వైపు చెయ్యి చాచాను.

మా ఆయన నా చెవి దగ్గరికి వంగారు. "నలుగురిలో పరువు తీస్తున్నావు. రేపు నీ మూత్రం గొట్టం మార్చాలిగా, ఎవరు మారుస్తారో చూస్తాను."

మార్చకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. వణుకు, జ్వరం, మళ్లీ ఇదే ఆసుపత్రి.

"అందుకేనండీ ఇక్కడ పెడుతున్నాను," అని, చుక్కని బొటనవేలితో గట్టిగా నొక్కాను.